హ్యారీ పోసిన బీరు, అక్కకిచ్చిన మాట

అక్కయ్యకి,

నీ తమ్ముడు సాంబయ్య నీ పాదాలంటి నమస్కరించి రాసేది. నేనూ సరోజా ఇక్కడ వేళకింత తిని తిరుగుతున్నాం, ఏ లోటూ లేదు. నువ్వూ, బావగారూ, మీ అత్తగారూ కూడా అలాగే ఉన్నారని ధైర్యం చెప్పుకుని మొదలుపెడుతున్నాను. మీ అత్తగారి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? పత్తికి తెల్లదోమ పట్టిందని, ఎన్ని మందులు కొట్టినా పోవడం లేదని బావగారు రాసింది చదివి ఆ పూట నాకు అన్నం సహించలేదు. మిరప తోటన్నా నిలబడిందా? మంచైనా చెడైనా దాచకుండా రాయి. నేను కూడా ఈ ఉత్తరంలో ఏదీ దాచడం లేదు, అందుకే కవరు ఇంత లావుగా ఉంది. దీన్ని బావగారి చేత చదివించుకోకు, నువ్వే చదువుకో. తర్వాత ఆయనకివ్వాలనిపిస్తే ఇవ్వు.

కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. నాకే ఏదో అయింది, ఏమైందో నాకే తెలియడం లేదు. నీకిచ్చిన మాట తప్పాను. తప్పానా లేదా అన్నది కూడా గట్టిగా చెప్పలేకపోతున్నాను. వరసగా చెప్తాను, నువ్వే తేల్చు.

ఇక్కడ, ఈ దొరల దేశంలో చలి మొదలైంది. సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతోంది. వాన మన ముసురు లాంటిదే, కాకపోతే మన ముసురు నాలుగు రోజులకి విసుగొచ్చి పోతుంది, దీనికి విసుగు రాదు. సరోజ ఆస్పత్రి డ్యూటీకి వెళ్ళాక ఇంట్లో నేనూ, కెటిలూ మిగులుతాం. వంట నేనే చేస్తున్నాను. నవ్వకు. పప్పు బాగానే కుదురుతోంది. కారం మాత్రం ఇక్కడ కొట్లో కొన్నది కుంకుమలాగా ఉంది, రంగే గాని నోటికి తెలియదు. మన ప్రత్తిపాడు కాయ ఒక్కటి ఈ ఊరంతటికీ సరిపోతుంది. పెళ్ళాం సంపాదిస్తే మొగుడు వంట చేస్తున్నాడని మనవాళ్ళు ఎవరైనా అంటే, ఔను చేస్తున్నాడు, పప్పులో ఉప్పు కూడా సరిపోతోంది అని చెప్పు. కానీ నీ దగ్గర దాపరికమెందుకు, పగలంతా మాట్లాడే మనిషి లేక ఒక్కోరోజు గోడలతో మాట్లాడుతున్నాను. తెలుగులోనే.

ఆ గోడల బాధ పడలేకే సెప్టెంబరులో హాప్స్ కోతకి కూలికి వెళ్ళాను. హాప్స్ అంటే ఏమిటో నీకు తెలియదు, నాకూ తెలియదు. అది ఒక తీగ. దొండపాదులాగా అల్లుకుంటుంది గాని ఇద్దరు ముగ్గురు మనుషులంత పొడుగు. దానికి లేతాకు పచ్చ మొగ్గలు గుత్తులు గుత్తులుగా కాస్తాయి. విప్పి చూస్తే లోపల పసుపులాగా పొడి. ఆ మొగ్గల్ని ఆరబెట్టి బీరులో వేస్తారట. మనం ధనియాలు వేసినట్టే, వాసనకీ చేదుకీ. ఇక్కడ చేదు కోసం డబ్బిచ్చి కొనుక్కుంటారక్కా.

మొదటి రోజు పొద్దుగూకాక చేతులు కడుక్కోబోతే నల్లగా జిగురు, సబ్బుకి పోవడం లేదు. నేను ఆ చేతులు చూసుకుంటూ అలాగే నిలబడిపోయాను. పొగాకు కొట్టొచ్చాక మన చేతులు ఎలా ఉండేవో అచ్చం అలాగే ఉన్నాయి. నువ్వు బూడిదా చింతపండూ పెట్టి రుద్దేదానివి కదా, ఆ చేతులు.

ఆ తోట హ్యారీ అని ఒక ముసలాయనది. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. భార్య పోయింది, పిల్లలు లేరు, మోకాళ్ళు మీ అత్తగారి మోకాళ్ళే. మొగ్గలు ఆరబెట్టడానికి ఆయన పెరట్లో ఒక గుండ్రటి ఇటుక కట్టడం ఉంది, పైన టోపీ పెట్టినట్టు కప్పు. కింద నిప్పు, పైన చిల్లుల నేల, దాని మీద మొగ్గలు. లోపలికి అడుగు పెట్టగానే గుర్తుపట్టాను. మన పొగాకు ఉడికించే బ్యారనేనక్కా. కర్రలకి ఆకు గుచ్చి అంతస్తులుగా వేలాడదీయడం ఒక్కటే తక్కువ. ఆ వేడి, ఆ పచ్చివాసన మెల్లగా తియ్యటి వాసనకి తిరగడం, నిప్పు ఎగదోయాలో తగ్గించాలో తెలియక తలుపు దగ్గర కాచుక్కూర్చోవడం, అంతా అదే. మా ఊళ్ళో పొగాకుని ఇలాగే ఉడికిస్తామని ఆయనకి చెప్పాను. అప్పట్నుంచి నేనంటే ఆయనకి గురి. కోత అయిపోయాక కూడా పిలిపించుకుని టీ ఇచ్చేవాడు. టీలో పాలు పోసి, చక్కెర మర్చిపోయేవాడు.

అసలు సంగతి ఇది. ఆ పెరట్లోనే ఒక కొట్టంలో ఆయన సొంతంగా బీరు కాస్తాడు. పెద్ద కంపెనీ ఏమీ కాదు, మన పెళ్ళి వంటల్లో సాంబారు గుండిగలు ఉంటాయే, అలాంటివి నాలుగు. చుట్టుపక్కల పబ్బులకి పోస్తాడు. మోకాళ్ళు పని చెయ్యడం లేదని, క్రిస్మసు అయ్యాక నన్ను వచ్చి పనిలో చేరమన్నాడు. జీతం మంచిదే. కోతల్లో నిప్పు చూసుకోవడం, మిగతా రోజుల్లో బీరు కాయడం. నాకు ఎగిరి గంతేయాలనిపించింది, వెంటనే అమరావతి గుర్తొచ్చి కాళ్ళు ఆగిపోయాయి.

విమానం ఎక్కబోయే ముందు నువ్వు నన్ను అమరేశ్వరుడి దగ్గరికి తీసుకెళ్ళి, కృష్ణలో చివరి మెట్టు మీద నిలబెట్టి, దోసిట్లో నీళ్ళు పోసి అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా జ్ఞాపకం. "ఒరేయ్, అక్కడ చలికి అందరూ తాగుతారంట. చచ్చినా సరే నువ్వు ముట్టకు." ముట్టనన్నాను. నీళ్ళు వదిలాను. ఎందుకు చేయించుకున్నావో నాకు తెలుసు. నాన్న సారా తాగి నిప్పు దగ్గర నిద్రపోతే ఎండాకు కాలిన పొగగొట్టం మీద పడి అంటుకుని బ్యారనూ, అందులో ఊళ్ళోవాళ్ళ ఆకూ కలిపి బూడిదయ్యాయి. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ నిప్పు దగ్గరికి రానివ్వలేదు. ఆయన తాగీ తాగీ పోయాడు. నువ్వు బడి మానేసి, ఆయన కూర్చోవలసిన చోట నువ్వు కూర్చుని, పరాయివాళ్ళ బ్యారన్లకి కాపలా కాసి నన్ను చదివించావు. ఆ రోజు నుంచి నువ్వు ఆయన్ని నాన్న అనడం నేను వినలేదు. 'ఆ మనిషి' అంటావు. నేను కూడా అంతకంటే ఎక్కువగా ఎప్పుడూ అనలేదు.

అందుకని హ్యారీతో చెప్పాను, పని చేస్తాను గాని రుచి చూడను అని. ఆయనకి అర్థం కాలేదు. వండేవాడు ఉప్పు చూడకపోతే ఎలా అన్నాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో, మా అక్క దేవుడికి నైవేద్యం వండుతుంది, ఎంగిలవుతుందని చుక్క కూడా నాలిక మీద వేసుకోదు, వాసన చూడటం కూడా తప్పే, అయినా పులిహోరలో ఉప్పు ఏనాడూ తప్పలేదు అని చెప్పాను. ఆయన పెద్దగా నవ్వి, "మీ దేవుడు ఫిర్యాదు చెయ్యడు సామ్, నా గిరాకీలు చేస్తారు" అన్నాడు. నా పేరు ఆయన నోట్లో అలా అయింది. రుచి చూడకుండా ఉద్యోగం లేదని మాత్రం తేలింది. ఆలోచించుకుని చెప్తానన్నాను.

ఇంతలో ఆదివారం మధ్యాహ్నం ఒకసారి రమ్మంటే వెళ్ళాను. ఆయన స్నేహితులు కొందరు వచ్చి ఉన్నారు. బల్ల మీద చిన్న చిన్న గ్లాసులు, కింద ఒక బకెట్టు. పోయిన చలికాలం కాచి పీపాలో మాగబెట్టిన బీరుని ఆ రోజు తెరుస్తున్నాడట. వెనకటి రోజుల్లో ఇక్కణ్ణుంచి ఓడల్లో మన దేశానికి పంపేవాళ్ళట. దారిలో పాడవకుండా మామూలు దానికి రెండింతలు గట్టిగా, హాప్స్ దోసిళ్ళతో పోసి కాచేవాళ్ళట. అదే పాత పద్ధతి పట్టుకుని తను కాచాడు. అది సరిగ్గా కుదిరిందో లేదో చెప్పాల్సిన మనిషి నేనట. ఎందుకంటే ఇది మీ దేశపు బీరు కదా అన్నాడు.

నేను తెల్లబోయాను. మా దేశంలో నాకు తెలిసినవి కల్లూ, సారా. ఓడలో వచ్చింది ఎవరో దొరలు తాగుంటారు, వాళ్ళకి పంకా లాగినవాడు ఎవడైనా మనవాడై ఉండవచ్చు, వాడికి వాసన తగిలుండవచ్చు. ఆ సంగతి ఇంగ్లీషులో మర్యాదగా ఎలా చెప్తాం? వద్దండీ అన్నాను. ఆయన మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ వద్దన్నాను. అందరూ నన్నే చూస్తున్నారు. ఆయన ఆ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు, ఏడాది పాటు దీనికోసమే కాచుకున్నాడని మొహం చూస్తే తెలుస్తోంది. మూడోసారి నేను కాదనలేకపోయాను. రుచి చూడటం తాగడమవుతుందా అని మనసుకి నేనే సర్దిచెప్పాను. అప్పుడు సరిపోయింది. ఇప్పుడు రాస్తుంటే సరిపోవడం లేదు.

ఎలా ఉందో చెప్తాను విను. ముదురు తేనె రంగు, పైన కొంచెం నురగ. నాలిక మీద పడగానే నేలవేము కషాయం. నాకు జ్వరమొస్తే నువ్వు ముక్కు మూసి పోసేదానివే, ఆ చేదే. కానీ నేలవేము మింగితే పోతుంది, ఇది మింగాక మొదలవుతుంది. నాలిక చివర, పక్కలు, అంగిట్లో, ఆఖరికి చెవుల దాకా చేదు. ఛీ అనుకునేలోపు దాని వెనకాల అడుగంటిన బెల్లం పాకం వచ్చింది. ఇదెక్కణ్ణుంచి వచ్చిందని వెతుక్కుంటుంటే ముక్కు దగ్గర నారింజ తొక్క గిల్లినట్టయింది. దబ్బాకు నలిపినట్టు కూడా. ఇవన్నీ ఒకదానికొకటి సంబంధం లేని చుట్టాలు, అందరూ ఒకే గుమ్మంలోంచి ఒకేసారి లోపలికి తోసుకొచ్చారు. గొంతు దిగాక వేడి. మిరపకాయ కొరికితే వచ్చే వేడే, కాకపోతే నోరు మండదు, పొట్టలో మండుతుంది. మంట ఉండాల్సిన చోట లేదు, ఉండకూడని చోట ఉంది. బాగుందా అంటే బాగాలేదు. ఇంకొంచెం కావాలా అంటే వద్దు అనలేను. ఇదేం రుచో నాకు అంతుపట్టలేదు.

ఇక్కడే నేను తెలివితక్కువ పని చేశాను. మిగతావాళ్ళు ఒక గుక్క నోట్లో వేసుకుని, తిప్పి, గ్లాసులో మిగిలింది ఆ బకెట్టులో పారబోస్తున్నారు. రుచి చూసే పద్ధతి అదేనట. నాకెలా తెలుస్తుంది? ఒకరింట్లో పెట్టింది వదిలితే పెట్టినవాళ్ళని అవమానించినట్టని, విస్తట్లో మెతుకు మిగల్చకూడదని కదా నువ్వు పెంచింది. వాళ్ళు పారబోయడం చూసి, పాపం ముసలాయన ఎంత బాధపడుతున్నాడో అనుకుని, నా గ్లాసు మొత్తం ఖాళీ చేశాను. ఆయన మొహం వెలిగిపోయి మళ్ళీ నింపాడు. అదీ వదల్లేదు. మూడోసారి పొయ్యబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు గ్లాసు మీద చెయ్యి పెట్టాను. మన వడ్డించేవాళ్ళు ఊరుకుంటారా? ఆయనా ఊరుకోలేదు, చెయ్యి తీసేసి పోశాడు. అంత గట్టి బీరు ఎవరూ అలా తాగరని తర్వాత సరోజ చెప్పింది.

రెండో గ్లాసులో చేదు తగ్గింది. బీరు మారలేదు కదా, నేనే మారానేమో. అప్పుడు తెలిసింది ఆ అడుగున ఉన్న వాసన ఏమిటో. బ్యారన్‌లో పచ్చాకు పసుపు రంగుకి తిరిగేటప్పుడు తలుపు తీస్తే మొహానికి కొడుతుందే, అది. నేను చిన్నప్పుడు ఆ వాసనకి నిద్రపోయేవాణ్ణి. నీ ఒళ్ళోనా, ఆ మనిషి ఒళ్ళోనా అన్నది ఎంత ఆలోచించినా తేలడం లేదు. అమ్మ పోయాక కొన్నాళ్ళు ఆయనే నన్ను నిప్పు దగ్గరికి తీసుకుపోయేవాడు కదా? నీకు జ్ఞాపకముంటే రాయి.

మూడోదానికి లోపల చప్పుడు ఆగిపోయింది. ఈ ఊరొచ్చినప్పట్నుంచి నా బుర్రలో ఏదో గిరగిరా తిరుగుతూ ఉండేది. నా పనేమిటి, నా ఊరేమిటి, ఇక్కడ నేనెందుకున్నాను అని. అది ఆగింది. ఎలా ఉంది, ఇండియాకి పంపింది ఇలాగే ఉండేదా అని హ్యారీ అడిగితే, ఔనండీ, అచ్చం ఇంతే అన్నాను. ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. ఇప్పుడు ఇండియావాడు ఒప్పుకున్న బీరని పబ్బుల్లో అందరికీ చెప్పుకుంటున్నాడట. ఈ పాపం ఒకటి అదనం. ఆ తర్వాత నాకు పెద్దగా జ్ఞాపకం లేదు. సరోజ డ్యూటీ దిగి వచ్చి ఇంటికి తీసుకుపోయింది.

కంగారు పడకు, ఎక్కడా పడిపోలేదు, ఎవరితోనూ గొడవ పడలేదు. మర్నాడు తల పగిలిపోతుంటే మజ్జిగ ఇచ్చింది. తిడుతుందేమోనని చూశాను, తిట్టలేదు. ఉద్యోగం విషయం ఆమెకి ముందే చెప్పాను. ఆమె అనేదేమంటే, పని వేరు, తాగుడు వేరు, ఇంట్లో ఇలా గోడలు చూస్తూ కూర్చుంటే ఏదో ఒకరోజు నిజంగానే తాగుబోతువి అవుతావు, చేరు అని. ఆస్పత్రిలో రకరకాల మనుషుల్ని చూస్తుంది కదా, ఆమె మాట కొట్టిపారెయ్యలేను. నీ మాట కూడా కొట్టిపారెయ్యలేను. మధ్యలో అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

మజ్జిగ తాగాక అడిగాను, నిన్న నేను ఏమన్నా పిచ్చివాగుడు వాగానా అని. సరోజ చెప్పాలా వద్దా అన్నట్టు మజ్జిగ గ్లాసు రెండుసార్లు కడిగింది. తర్వాత చెప్పింది.

"మీ నాన్నతో మాట్లాడావు. నేను వచ్చేసరికి నీ పక్కన ఒక ఖాళీ కుర్చీ లాగి పెట్టి ఉంది. 'నాన్నా, నిలబడ్డావేం, కూర్చో, నిప్పు నేను చూస్తాలే' అంటున్నావు. హ్యారీ ఆ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వలేదు."

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన పేరెత్తితే నేను పళ్ళు కొరకడమే చూసింది సరోజ. అందుకే చెప్పడానికి వెనకాడింది. నేను వినగానే చిన్నప్పటిలాగా కొట్టం వైపు పారిపోయాను, అంటే మాకు కొట్టం లేదు, బాత్రూములోకి. అక్కడ కూర్చుని ఏడ్చానక్కా. సిగ్గుపడుతూ రాస్తున్నాను. ఆ మనిషికి బ్యారన్ ఎక్కువా, సారా ఎక్కువా, మనమెక్కువా అని చిన్నప్పుడు మనం మాట్లాడుకునేవాళ్ళం కదా. అమ్మ పోయాక ఆయన బుర్రలో కూడా నాకు లాగే ఏదో తిరుగుతూ ఉండేదేమో. అది ఆగడానికి తాగాడేమో. అంత మాత్రాన నీ చదువు తిరిగి రాదు, ఊళ్ళోవాళ్ళ ఆకు తిరిగి రాదు. అది నాకు తెలుసు. తెలిసీ ఇలా అనిపిస్తోంది.

పని సంగతి నువ్వే తేల్చు. హ్యారీకి నీ జవాబు వచ్చేదాకా ఆగమని చెప్పాను. ఇంత వయసొచ్చి అక్కని అడగడమేమిటని ఆయన ఆశ్చర్యపోయాడు. మా అక్కని చూస్తే మీరు కూడా అడుగుతారు అన్నాను. వద్దంటే మానేస్తాను, మనసులో పెట్టుకోను. చేరమంటే, గ్లాసు ఖాళీ చెయ్యకుండా ఒక్క గుక్క చూసి బకెట్టులో పారబోసే పద్ధతి నేర్చుకుంటాను. చెయ్యి తిరుగుతుందో లేదో, పారబోయడం మనకి అలవాటు లేదు. ఎటైనా సరే, నువ్వు రాసిందే చేస్తాను.

సరోజతో పనిచేసే ఆమె తమ్ముడు వచ్చే నెల గుంటూరు నుంచి వస్తున్నాడు. అతని చేతికి ఒక సేరు కారం, కాస్త కందిపొడి ఇచ్చి పంపు. ఎక్కువ పెట్టకు, మొయ్యలేడు. బావగారికీ, మీ అత్తగారికీ నా నమస్కారాలు. సరోజ నీకు దణ్ణాలు చెప్పమంది, నా పప్పు తినగలుగుతోందని కూడా చెప్పమంది. పత్తి పోయినా మీరు బాగుంటే చాలు. మమ్మల్ని ఆశీర్వదించు.

ఇంకొక్క మాట. పనికి నీ అనుమతి అడిగాను గాని దీనికి అడగడం లేదు, నీకు తెలియాలని రాస్తున్నాను. నువ్వు బడి మానేసి నిప్పు దగ్గర కూర్చున్న రోజుల్ని తల్చుకుని, వరసగా ఒక్కోటి గుర్తు తెచ్చుకుని, నాన్న మీద కోపం మళ్ళీ తెచ్చుకుందామని వారం రోజులుగా చూస్తున్నాను. రావడం లేదక్కా.

నీ చేతి ముద్ద తిని పెరిగినవాడు,
సాంబయ్య